దగ్గు ఆట

స్టాఫ్ రూములో కూజాకి నీళ్ళు నింపుతుంటే పదో తరగతి గదిలోంచి దగ్గు వినిపించింది. ఒకరిద్దరు దగ్గితే సంతోషకుమారి పట్టించుకునేది కాదు. అరవై గొంతులు ఒక్కసారిగా దగ్గి, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ వెంటనే నవ్వు. ఫిబ్రవరి నెల, ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, గాలి ఇటు తిరిగితే మాస్టార్లకే ముక్కులు మండుతున్నాయి, పిల్లలెంత అనుకుంది. అలా అనుకుంది గానీ చేతిలో చెంబు ఒలికి చీర తడిసింది. అంతమంది కలిసి దగ్గే దగ్గు ఆమె ఒంటికి ఎప్పుడో తెలిసినట్టే ఉంది. ఎక్కడ విన్నదీ గుర్తు చేసుకునే తీరిక లేదు. మాస్టార్ల టీ గ్లాసులు కడగాలి, ఎనిమిదో తరగతి గదిలో ఎవరో వాంతి చేసుకున్నారట, అది ఎత్తిపొయ్యాలి.

ఆ మర్నాటి నుంచి మిరపకాయల పనికి పోయే వీరమ్మ కూతురు, పదో తరగతి శ్రీదివ్య, బడికి రావడం మానేసింది. ఆ రెంటికీ సంబంధం ఉందని ఆమెకు తట్టలేదు.

పది రోజుల తర్వాత హెడ్మాస్టరు అంకమ్మరావు పిలిచాడు. "సంతోషం, ఆ వీరమ్మ కూతురు రావట్లేదంట. పబ్లిక్ పరీక్షలు నెల రోజులు లేవు. రేపు హాల్ టిక్కెట్లు ఇవ్వాలి. ఒక్క పిల్ల రాయకపోయినా మన బడి పర్సెంటేజీ పడిపోద్ది. పోయి కనుక్కురా." ఆమె గుమ్మం దాటేలోపు మళ్ళీ పిలిచి, "ఎట్లాగూ అటే పోతున్నావుగా, ఈ కూరగాయల సంచీ మా ఇంట్లో ఇచ్చి పో. అమ్మగారు పప్పులేవో బాగు చెయ్యాలంటంది, ఓ గంట చూడు," అన్నాడు.

హెడ్మాస్టరు గారి ఇల్లు అటు కాదు. ఆమె ఏమీ అనలేదు. ఆ బళ్ళో అటెండరుగా ఐదేళ్ళ నుంచీ ఆమె ఏమీ అనలేదు. అంతకుముందు ఆ ఉద్యోగం భర్త మార్క్‌ది. అతను పోయాక, ఏడో తరగతి ప్యాసైతే ఆ ఉద్యోగం నీకిస్తామన్నారు. ముప్ఫై దాటిన వయసులో పలక పట్టుకుంటే అత్త రాహేలమ్మ, "నా కొడుకు కూర్చున్న స్టూలు మీద కూర్చోడానికి ఎంత ఆత్రమే నీకు," అంది. అప్పుడు నాలుగో తరగతి చదువుతున్న కూతురు ఆరాధనే రోజూ స్నానం చేసొచ్చి తల్లి పక్కన కూర్చుని, "అట్లా కాదమ్మా, మళ్ళీ దిద్దు," అంటూ అక్షరాలు నేర్పింది. తప్పు రాస్తే నెత్తి మీద చిన్నగా మొట్టేది. ఆ మొట్టికాయలంత ముద్దుగా తననెవరూ తాకలేదని సంతోషకుమారికి ఇప్పటికీ అనిపిస్తుంది.

పప్పులు బాగు చేసి, ఊరి చివర కల్లానికి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పరదా కింద పాతిక మంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని కాయల తొడిమలు తీస్తున్నారు. వీరమ్మ తల ఎత్తి చూసింది. ఇద్దరూ ఒకప్పుడు పక్కపక్కన కూర్చుని పన్నెండేళ్ళు ఈ పనే చేశారు.

"ఏమే సంతోషం, ఇన్నాళ్ళకి కల్లం దారి గుర్తొచ్చిందా? కూర్చో. గంజి పెట్టిన చీరలాగుంది, నలుగుద్దేమో చూసుకో."

"శ్రీదివ్య బడికి రావట్లేదంటగా?"

"చదవదంట. ఓ రోజు తలనొప్పంటది, ఓ రోజు కడుపునొప్పంటది. రెండు తగిలించా. అయినా కదల్లా. కాయలన్నా తీద్దువుగాని రమ్మని తీసుకొచ్చా. నువ్వన్నా అడుగు, బళ్ళోనే ఉంటావుగా."

శ్రీదివ్య పక్కనే ఉంది. తల దించుకుని చకచకా తొడిమలు తుంచుతోంది. సంతోషకుమారి ఆ పిల్ల ముందు చతికిలబడింది.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా అమ్మా?"

"ఎవరూ ఏమీ అనరు పిన్నీ." ఇంకో నాలుగు కాయలు తుంచింది. "దగ్గుతారు."

సంతోషకుమారికి అర్థం కాలేదు. శ్రీదివ్య మొహానికున్న గుడ్డ కిందికి లాగింది. "నీ ఫోన్లోనే ఉంది. చూసుకో," అని మళ్ళీ పైకి లాక్కుంది.

ఆ ఫోను శ్రీదివ్య క్లాసులోనే చదువుతున్న ఆరాధన పోరితే కొన్న పాత ఫోను, అప్పుడప్పుడు తనే బడికి పట్టుకుపోయేది. దాంట్లో కెమెరా ఉందని తెలుసు గానీ సంతోషకుమారికి వచ్చిందల్లా పచ్చ బటన్ నొక్కి మాట్లాడ్డం, ఎర్ర బటన్ నొక్కి ఆపడం. బస్టాపు దగ్గర రీచార్జి కొట్టు పెట్టుకున్న జోహరాబీ దగ్గరికి వెళ్ళి చేతిలో పెట్టింది. జోహరాబీ రెండు బటన్లు నొక్కి, ఆగిపోయి, ఆమె మొహంలోకి చూసింది.

"సంతోషక్కా, ఇది తీసింది నీ ఫోన్లోనా? ఎవరో పోకిరోళ్ళు తీశారనుకున్నానే. ఊళ్ళో పిల్లలందరి దగ్గరా ఉందిది. బ్లూటూత్ పెట్టి ఒకళ్ళ దాంట్లోంచి ఒకళ్ళు ఎక్కించుకున్నారు. చిలకలూరిపేట నెట్ సెంటర్లో ఎవరో కంప్యూటర్లోకి కూడా ఎక్కించారని మా బాజీ చెప్పాడు. కింద ఎవరెవరో రాతలు రాస్తున్నారంట."

"ఏం రాతలు?"

"'మిరపకాయ్ వస్తంది, ముక్కులు మూసుకోండి' అని. అదే వాటన్నిట్లోకీ మర్యాదగా ఉంది. మిగతావి నేను నోటితో చెప్పలేను."

వీడియో అర నిమిషం కూడా లేదు. పదో తరగతి గది గుమ్మం. పుస్తకాల సంచీ గుండెలకు హత్తుకుని శ్రీదివ్య లోపలికొస్తోంది. ఫోనుకు బాగా దగ్గరగా ఎవరో గుసగుసగా, "ఒకటి, రెండు, మూడు," అన్నారు. గదంతా దగ్గింది. ఆడపిల్లలు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. శ్రీదివ్య గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత మెల్లగా, ఎవరూ చూడటం లేదనుకుని, తన డ్రస్సు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. నవ్వుల్లో వీడియో అయిపోయింది.

"మళ్ళీ పెట్టు," అంది సంతోషకుమారి. రెండోసారి బొమ్మ చూడలేదు, కళ్ళు మూసుకుని విన్నది. ఒకటి, రెండు, మూడు. తనకు అక్షరాలు నేర్పిన గొంతు.

"చెరిపెయ్యి జోహరా."

"నీ ఫోన్లోంచి చెరిపేస్తా. ఊళ్ళోంచి ఎట్లా చెరిపేదక్కా?"

బడికి తిరిగి వచ్చింది. గంట కొట్టడం ఐదు నిమిషాలు ఆలస్యమైంది, ఎవరో విసుక్కున్నారు. కాలు ఒకచోట నిలవడం లేదు. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది. ఆ దగ్గు ఎక్కడ విన్నదో ఇప్పుడు గుర్తొచ్చింది. కల్లం నుంచి ఇంటికొచ్చే వేళ మార్క్ వాకిట్లో మంచం వేసుకుని కూర్చునేవాడు. ఆమె సందు మలుపు తిరగ్గానే దగ్గేవాడు. "ఏమే, ముందు వీధిలోనే దులుపుకుని రా, ఇల్లంతా ఘాటు," అనేవాడు. రాహేలమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "దీని చేత్తో అన్నం కలిపితే కారం వెయ్యక్కర్లేదురా," అనేది. ఆ కారం చేతుల కూలీ మాత్రం ఆదివారం కొంగున కట్టుకునేది రాహేలమ్మే. కాళ్ళూ చేతులూ కడిగి, పెరట్లోంచే చుట్టు తిరిగి వంటింట్లోకి పోయేది సంతోషకుమారి. మూడేళ్ళ ఆరాధన అది చూసి నేర్చుకుంది. ఒకరోజు తండ్రి ఒళ్ళో కూర్చుని, తల్లి వస్తుంటే చిట్టి అరచేయి ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గింది. మార్క్ పడీ పడీ నవ్వాడు. "మళ్ళీ చెయ్యి, నాన్న లెక్కపెడతాడు," అన్నాడు. ఒకటి, రెండు, మూడు. తండ్రీ, నాయనమ్మ, మనవరాలు, ముగ్గురూ దగ్గారు. అది రోజూ ఆట అయింది.

తను ఏం చేసింది? అక్కడే ఆమె ఆలోచన మేకు మీద పడ్డ చీరలా చిక్కుకుంది, ఎంత లాగినా రాలేదు. తనూ నవ్వింది. ఏడిస్తే గొడవ, మొహం ముడుచుకుంటే "దీనికి పొగరు" అంటారు. నవ్వితే ఆ పూట అన్నం ప్రశాంతంగా గడుస్తుంది. పైగా పిల్ల ముద్దుగా చేస్తోంది కదా అని బుగ్గ గిల్లుదామని వంగి, చేతులకు మంట ఉంటుందని గుర్తొచ్చి ఆగేది. ఆ చీదరింపు ఎంత నొప్పో పిల్లకి ఎవరు చెప్పాలి? తల్లి నవ్వుతుంటే పిల్లకి అది నొప్పని ఎట్లా తెలుస్తుంది? ఉద్యోగం వచ్చాక ఇంకో పని చేసింది. హైస్కూల్లో చేరిన రోజు ఆరాధనకి జడ వేస్తూ, "మీ అమ్మ కాయల పనికి పోయేదని ఎవరికీ చెప్పబాకు," అంది. మంచి కోసమే అనుకుంది.

సాయంత్రం ఆరాధన సైన్సు బొమ్మలు వేసుకుంటోంది.

"ఆ వీడియోలో లెక్కపెట్టింది నువ్వేనా?"

పెన్సిలు ఆగింది. "జోకమ్మా అది. అందరూ చేశారు, నన్నొక్కదాన్నే అంటావేంటి?"

"దగ్గింది అందరూ. లెక్కపెట్టింది ఒక్కతే."

"నేను పేట నెట్ సెంటర్లో పెట్టలేదు! ఫ్రెండ్‌కి పంపించానంతే. తర్వాత ఎవరు ఎక్కడ పెట్టారో నాకేం తెలుసు?"

"ఆ పిల్ల బడి మానేసింది."

"మానెయ్యమని నేను చెప్పానా?" గట్టిగా అని, అంతలోనే గొంతు పడిపోయింది. "ఎనిమిదో తరగతిలో నా వెనక బెంచీ పిల్ల, నీ సంచీలోంచి మిరపకాయల వాసనొస్తందే అంది. ఎక్కడ తెలిసిపోద్దోనని ఆ రోజు అన్నం తినలేదు. నువ్వేగా చెప్పొద్దన్నావు! ఎవరో ఒకళ్ళ మీద దగ్గుతారమ్మా వాళ్ళు. నా మీద దగ్గకముందే..." మాట మింగేసింది.

కొడదామని లేచిన చెయ్యి సంతోషకుమారి తనే దించుకుంది. కొడితే తీరిపోతుంది. పిల్ల ఏడ్చి, తను ఏడ్చి, ఇద్దరూ అన్నాలు తిని మర్చిపోతారు. అక్కడ శ్రీదివ్య మాత్రం చెయ్యి వాసన చూసుకుంటూనే ఉంటుంది. "లే, చెప్పులేసుకో," అంది.

వీరమ్మ ఇంటి ముందు నిలబడి ఆరాధన నేలకేసి చూస్తూ, "సారీ శ్రీదివ్యా," అంది. వీరమ్మకు విషయమంతా అప్పుడే, సంతోషకుమారి చెబితే తెలిసింది. కూతురి వంక ఓసారి చూసి, "పోనీలేవే, పిల్లలు. అవతల కూర పొయ్యి మీదుంది," అంది. ఏళ్ళ తరబడి ఎన్నిటినో అలాగే పోనిచ్చిన గొంతు అది.

శ్రీదివ్య పోనివ్వలేదు. "క్లాసులో అరవై మంది ముందు చేసి, ఇంటికొచ్చి సారీ చెబితే ఎట్లా పిన్నీ? ఇది నాకు తప్ప ఎవరికి తెలిసిద్ది? రేపు నేను క్లాసులోకి పోతే వాళ్ళు దగ్గకుండా ఉంటారా?"

"క్లాసులో చెబితే వస్తావా?" అడిగింది సంతోషకుమారి.

"చెబితే కదా."

"రేపు మూడో పీరియడ్‌కి రా. లోపలికి రాబాకు, వరండాలో నిలబడు. విని, నీకు రాబుద్ధయితేనే రా."

దారి పొడుగునా ఆరాధన చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంది. "అమ్మా, నీకు దణ్ణం పెడతా. నెల రోజుల్లో బడి అయిపోద్ది. ఈ నెల ఊరుకో." ఇంటి దగ్గర ఆగి సంతోషకుమారి అంది, "నువ్వు చెబితే నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా." ఆరాధన కళ్ళు తుడుచుకుని తల్లి మొహం చూసింది. ఆ చూపు ఆమెకు అర్థమైంది. మా అమ్మ చెప్పదు, మా అమ్మ ఎప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పలేదు అనే ధైర్యం.

మర్నాడు పొద్దున హెడ్మాస్టరుకి జరిగింది చెప్పింది. ఆయన హాల్ టిక్కెట్ల కట్ట విప్పుతూ నవ్వాడు. "పిల్లల గోల నీకెందుకు సంతోషం? పైగా మీ అమ్మాయి పేరే బయటికొస్తే నామోషీ ఎవరికి? ఊరుకో. ఆ పిల్లకి హాల్ టిక్కెట్ ఇంటికిచ్చిరా, సరిపోద్ది." ఆమె అలాగేనండీ అనలేదు. ఐదేళ్ళలో మొదటిసారి అనకుండా బయటికొచ్చింది. ఆయన ఆ తేడా గమనించలేదు.

మూడో పీరియడ్ యలమంద మాస్టారి లెక్కలు. వరండాలో స్తంభం చాటున శ్రీదివ్య వచ్చి నిలబడింది, కాళ్ళు వెనక్కే తిరిగి ఉన్నాయి, ఏ క్షణాన్నైనా పరిగెత్తేట్టు. సంతోషకుమారి గదిలోకి వెళ్ళింది.

"ఏంటి సంతోషం?" మాస్టారు సుద్దముక్క ఆపాడు.

"పిల్లలకి ఒక మాట చెప్పాలండీ. రెండు నిమిషాలు."

మాస్టారు ఆశ్చర్యపోయి పక్కకి జరిగాడు. మూడో బెంచీలో ఆరాధన మొహం పాలిపోయింది. సంతోషకుమారి ఆ బెంచీ వైపే చూస్తూ ఆగింది. పదంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగింది. ఆరాధన లేవలేదు. పుస్తకంలోకి తల వంచుకుంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు, గ్లాసులు కడుక్కోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. వెనక బెంచీలో ఎవరో, ఇదేదో తమాషా అనుకుని, చిన్నగా దగ్గారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు.

"దగ్గండి," అంది సంతోషకుమారి. "నన్ను చూసి దగ్గండి. ఈ ఉద్యోగం రాకముందు పన్నెండేళ్ళు నేను కల్లంలో తొడిమలు తీశాను, శ్రీదివ్య వాళ్ళమ్మ పక్కనే కూర్చుని. సాయంత్రం ఇంటికి పోతే మా ఇంట్లోవాళ్ళు నన్ను చూసి దగ్గేవాళ్ళు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మరీ దగ్గేవాళ్ళు. నాకు చచ్చిపోవాలన్నట్టుండేది. బయటికి మాత్రం నవ్వేదాన్ని."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఆమె మాట ఆపలేదు.

"నేను నవ్వుతుంటే మా అమ్మాయి అది ఆటనుకుంది. ఆ వీడియోలో లెక్కపెట్టింది మా ఆరాధన."