నా గురక నాకు తెలియదు

డాక్టర్ ఐదు మాటలు చెప్పి, ఐదు నిమిషాలయ్యాక తిరిగి చెప్పమంది. రెండే గుర్తొచ్చాయి. ఒకప్పుడు చుట్టాలందరి ఫోన్ నంబర్లూ నోటికి చెప్పిన రాధారాణిని నేనేనా అని నా మీద నాకే ఒళ్ళు మండింది.

అమెరికాలో, మోరిస్‌విల్‌లో పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. మొన్న క్లయింట్ డెమో మధ్యలో, నేను రాసిన టెస్టే నాకు గుర్తురాక గుడ్లప్పగించి కూర్చున్నాను. మేనేజర్ అరవై రోజులు గడువిచ్చాడు. ఈలోగా కుదురుకోకపోతే ఉద్యోగం ఉండదు. ఎనిమిది గంటలు పడుకున్నా, లేచేసరికి ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టుంటుంది. మా అమ్మమ్మకి వచ్చిన మతిమరుపే నాకూ వచ్చిందని ఖాయం చేసుకున్నాను.

డాక్టర్ ఇచ్చిన ఫారంలో "గురక పెడతారా?" అని ఉంది. "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. గురక పెట్టడానికి నేనేమన్నా మా మామగారినా? పెడితే మా ఆయన చెప్పడూ?

ఆ శనివారం కాలేజీ నుంచి మా అమ్మాయి తన్వి వచ్చింది. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ అంది.

"అమ్మా, నీ స్నోరింగ్ చాలా లౌడ్. మధ్యలో బ్రీదింగ్ స్టాప్ అయిపోతుంది. తర్వాత ఊపిరందనట్టు గట్టిగా గ్యాస్ప్ చేస్తావ్. ఇట్స్ స్కేరీ. నాన్నకి తెలుసు కదా?"

మా ఆయన శ్రీధర్ కప్పులోకి చూస్తున్నాడు. ఇండియా కాల్స్ ఉన్నాయని రోజూ పక్కగదిలో పడుకునే మనిషి.

"మీకు తెలుసా?" అన్నాను.

"ఆడదానివి, గురక అంటే ఫీలవుతావని కాల్స్ అని చెప్పా. చిన్న విషయమే కదా రాధా."

చిన్న విషయం! నా బుర్ర పోతోందని నేను ఏడుస్తుంటే, జ్ఞాపకశక్తికి మంచిదని బాదంపప్పు నానబెట్టి తెచ్చిచ్చాడు గానీ, నోరు మాత్రం విప్పలేదు. మర్యాదట, మర్యాద!

నిద్ర పరీక్ష చేయించుకున్నాను. గంటకి ముప్ఫై ఎనిమిదిసార్లు ఊపిరి ఆగుతోందట. పడుకున్నానన్న మాటే గానీ మెదడుకి విశ్రాంతే లేదట. రాత్రిళ్ళు ఊపిరి ఆగకుండా గాలి పంపే మెషిన్ మాస్కు పెట్టుకుంటే జ్ఞాపకం మెరుగుపడొచ్చు గానీ, పోయిందంతా తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనంది డాక్టర్.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

నాకేం తెలుసు? పక్కనే కూర్చున్న మనిషి వైపు తిరిగాను.

"చెప్పండి. ఇప్పుడన్నా చెప్పండి."

"ఆరేళ్ళు," అన్నాడు శ్రీధర్.

డాక్టర్ రాసుకుంది. నా గడువులో ఇంక పంతొమ్మిది రోజులు మిగిలాయి.