గొడుగులు తెచ్చుకునే పాఠం

సోమవారం మూడో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి నీటిచక్రం పాఠం. పిల్లలందరూ గొడుగులు తెచ్చుకున్నారు. గొడుగు లేనివాళ్లు యూరియా సంచులు నెత్తిన కప్పుకుని, కంప్యూటర్ గది ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు.

సింహాద్రిపురం అవతలి ఆ పల్లె హైస్కూలుకు కంప్యూటర్ వచ్చి రెండేళ్లయింది. వచ్చిన రోజున దానికి టెంకాయ కొట్టి, కుంకుమ పెట్టి, దుమ్ము పడకూడదని కిటికీలన్నీ గడియ వేసేశారు. మళ్లీ తెరిచిన పాపాన పోలేదు. యంత్రానికి ఏమైనా అయితే సంజాయిషీ సైన్సు టీచరమ్మ రాజ్యలక్ష్మే ఇచ్చుకోవాలి.

తెర మీద ప్రశ్న వస్తుంది. సరైన జవాబు నొక్కితే తెరలోంచి మబ్బు బయటికొచ్చి, దూలాల కింద చేరి కురుస్తుంది. తప్పు నొక్కితే ముడుచుకుని వెనక్కి పోతుంది. అటెండరు హుమాయున్ ఆ నీళ్లు బకెట్లో పట్టి కానుగ మొక్కలకు పోసేవాడు. ఏడాదికొక్కసారి వచ్చే పాఠం కాబట్టి అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

బయట మాత్రం మూడేళ్లుగా చినుకు లేదు.

ఆ పొద్దున్నే గొర్రెల కాపరి ఎర్రన్న వచ్చాడు. క్లాసులో అందరికంటే ముందు జవాబు చెప్పే చిన్నసుబ్బమ్మ ఆయన కూతురే.

"పాప పేరు కొట్టేయండి టీచరమ్మా. చెరువు ఎండిపాయ. రేపు గొర్లను నెల్లూరు దిక్కు తోలకపోతాండాం."

"పాపను ఈడనే వదిలిపోగూడదా అప్పా?"

"యాడ వదిలేది? మంద మళ్లేసేదానికి మనిషి సాలడంల్యా. శానా బాగా సదువుతాదని నాకు తెల్దా?" అంటూ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"మూడో పీరియడ్ అయ్యేదాకా కూర్చోనీ" అంది రాజ్యలక్ష్మి. ఎర్రన్న కంప్యూటర్ గది బయట, కిటికీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఆ రోజు ప్రశ్నలన్నీ చిన్నసుబ్బమ్మకే వదిలేశారు పిల్లలు. వరసగా పన్నెండు జవాబులు నొక్కింది, ఒక్కటీ తప్పు పోలేదు. అంత పెద్ద మబ్బు ఆ గదిలో ఎన్నడూ పుట్టలేదు. గొడుగులు చాలక అందరూ తడిసి ముద్దయ్యారు.

"టీచర్, కిటికీ తీస్తే ఇది మా చెరువు కాడికి పోతాది గదా?" అంది ఆ పిల్ల.

రెండేళ్లుగా తనకెందుకు తోచలేదా అని రాజ్యలక్ష్మికి సిగ్గేసింది. సంజాయిషీ గుర్తొచ్చింది. అయినా గడియ లాగేసింది. గుప్పున దుమ్ము లోపలికొచ్చింది. మబ్బు ఎర్రన్న నెత్తి మీదుగా చెరువు దిక్కు వెళ్లిపోయింది. కంప్యూటర్ తెర టప్పున ఆరిపోయింది.

చెరువు దిక్కు నుంచి వాన చప్పుడు సాయంత్రం దాకా వినబడుతూనే ఉంది.

మర్నాడు రాజ్యలక్ష్మి 'కిటికీ నేనే తెరిచాను' అని సంజాయిషీ రాసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. సుద్దముక్క పట్టుకుని క్లాసుకు వెళ్లి, హాజరుపట్టీ తెరిచింది. చిన్నసుబ్బమ్మ పేరు కొట్టెయ్యడానికి మనసొప్పలేదు. రాదేమో అనుకుంటూనే పిలిచింది.

గుమ్మంలో మోకాళ్ల దాకా బురదతో నిలబడి ఉంది చిన్నసుబ్బమ్మ.

"ప్రెజెంట్ టీచర్."