బోర్గిల్డ్ నానమ్మ వయసు

మా ఆర్డిస్ అత్తకి తొంభై దగ్గరపడుతోంది. పట్టుదలకి మాత్రం పదహారే. మొన్నటి చలికి వాళ్లమ్మ, అంటే మా బోర్గిల్డ్ నానమ్మ, సమాధిరాయి పగిలి, సంవత్సరాలున్న చోట పెచ్చులూడింది. కొత్త రాయి మీద పుట్టిన సంవత్సరం సరిగ్గా ఉండాలట. అది తేల్చేదాకా కదలనివ్వనని నన్ను వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఒక పక్క కాఫీ, లెఫ్సా రొట్టెలు. ఇంకో పక్క నా కంప్యూటర్లో మిన్నెసోటా పాత జనాభా లెక్కలు.

నానమ్మది డిసెంబరు పుట్టుక, లెక్కలేమో వేసవి లోపే తీసేవాళ్లు. 1920లో నానమ్మకి ఇరవై. 1930లో ముప్పై. 1940లో ముప్పై రెండు!

"ఓసి మాయలాడీ!" అత్త పకపకా నవ్వింది. "పదేళ్లకి రెండేళ్లే పెరిగావుటే అమ్మా! మొగుడి కంటే ఆరేళ్లు పెద్దదని చర్చిలో కాఫీల దగ్గర ఆడాళ్లు దెప్పుతుంటే అమ్మ ఇంటికొచ్చి ఏడ్చేదే, రూనా. అందుకే వయసు కోసేసిందన్నమాట!"

"ఆగత్తా. ఇక్కడ సున్నా చుట్టిన ఇంటూ గుర్తు చూశావా? ఆ ఏడాది లెక్కల్లో జవాబులు ఎవరు చెబితే వాళ్ల పేరు పక్కన అది పెట్టేవాళ్లు."

"అమ్మ పేరుకేగా?"

"కాదు. తాత పేరుకి."

అత్త నవ్వు ఆగిపోయింది. నార్వే నుంచి వలసొచ్చిన మా మగాళ్లు అసలే మాటకి పిసినారులు. మా టోర్వాల్డ్ తాత వాళ్లందరినీ మించినవాడు. గడ్డికొట్టం తగలబడుతుంటే "కాస్త వెచ్చగా ఉంది" అని ఊరుకున్న మహానుభావుడు.

"పోయేముందు అమ్మ నన్నడిగిందే," అంది అత్త కాఫీ కప్పు పక్కకి జరిపి. "మీ నాన్నకి నేనంటే ఇష్టమేనంటావా అని. నేను దిండు సర్దాను."

నేను కాగితం పై అంచు చూపించాను. లెక్క రాసుకున్నావిడ పేరు అక్కడుంది, హెల్గా నుట్సన్.

"ఆవిడా! అమ్మని దెప్పినవాళ్లలో మొదటిది ఆవిడే!"

అంటే మా తాత గుమ్మంలో నిలబడి, ఆ హెల్గా మొహం మీదే, మా ఆవిడ నాకంటే చిన్నది, రాసుకో అన్నాడన్నమాట. పాపం, ఆవిడ పళ్లు కొరుక్కుంటూ రాసుకునే ఉంటుంది.

అత్త కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"రాయి మీద 1899 అని చెక్కమంటావా?" అన్నాను.

"నోర్ముయ్. 1907 అని చెక్కమంటాను. జన్మకి ఒక్కసారి నోరు విప్పాడు మా నాన్న. అమ్మని చదువుకోనీ."