ఎడమకు వాలిన కుట్టు

మధ్య పట్టీ లేని సుజని గోడగుడ్డ ముందుపళ్ళు ఊడిన నోరులా ఉంది. హొసియత్ పొద్దున్నుంచి దాని ముందే కూర్చుని ఉంది. పరుపులన్నీ గోడ వారకు నెట్టి, నేల మీద దుప్పటి పరిచి, కుట్టి వచ్చిన పట్టీలను తల్లీకూతుళ్ళు వరసగా పేర్చారు. ఎడమ పక్క రెండు, కుడి పక్క రెండు, నడుమ జానెడున్నర ఖాళీ. గోడకు వేలాడే ఆ గుడ్డంతటికీ ప్రాణమైన పెద్ద ఎర్రపువ్వు ఆ ఖాళీలో ఉండాలి. ఎల్లుండే కూతురు మునిస్ పెళ్ళి. రేపు మధ్యాహ్నం వియ్యపురాలు జెబినిసో వస్తుంది, కొత్త కోడలు తన గదికి తెచ్చుకునే గోడగుడ్డలు చూసుకోవడానికి. ఆవిడ ఏ గుడ్డనైనా ముందు తిరగేసి వెనక వైపు చూసే మనిషి.

వాళ్ళ ఊరు షహ్రిసబ్జ్‌లో ఇంత పెద్ద గుడ్డ ఒక్కరే కుట్టరు. పట్టీలన్నీ కలిపి ఒకే బొమ్మ గీయించి, మళ్ళీ విడదీసి, పిల్లకు కావలసినవాళ్ళకు తలా ఒకటి పంచుతారు. ఎవరింట్లో వాళ్ళు కుట్టి తెస్తే, పెళ్ళికి ముందు కలిపి అతుకుతారు. అతుకు దగ్గర ఆకు కొంచెం అటూ ఇటూ జరిగినా ఎవరూ ఏమీ అనుకోరు. అది నలుగురి చెయ్యి పడిందనడానికి గుర్తు. ఏ పట్టీ ఎవరికిచ్చారన్నది మాత్రం అందరూ చూస్తారు. మధ్య పట్టీ అంటే పెద్దపీట. పెళ్ళి కుదరకముందే దాన్ని హొసియత్ తన అక్క ఒయ్దిన్‌కు ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? తనకు సూది పట్టుకోవడం నేర్పిందే ఆవిడ.

నేర్పడమంటే మామూలుగా కాదు. ఆ కుట్టులో ఒక్కో గడిలో రెండు కాళ్ళు అడ్డంగా పడతాయి, ఇంటూ గుర్తులాగ. పైన పడే కాలు గుడ్డంతటా కుడికే వాలాలి. ఒక్కటి ఎడమకు వాలినా వెలుగు దాని మీద వేరుగా పడి, మచ్చలా కనిపిస్తుంది. చిన్నప్పుడు హొసియత్ ఎడమకు వాల్చిన ప్రతిసారీ ఒయ్దిన్ తన వేలికి తొడిగిన అంగుస్తానాతో వేళ్ళ మీద ఒక్కటి పొడిచేది. ఆ పోట్ల పుణ్యమే ఇవాళ్టి హొసియత్ చెయ్యి. మందుల షాపులో ఉద్యోగం చేసుకుంటూ, జనం లేనప్పుడు బల్ల కింద నుంచి గుడ్డ తీసి కుట్టుకుంటుంది. ఊళ్ళో చాలామంది కూటి కోసం కుడతారు, ఆవిడ సరదాకి కుడుతుంది. టోపీలు, సంచులు, దిండ్ల గలీబులు ఎన్ని కుట్టినా ఒక్కటీ అమ్మలేదు. ఆవిడ కుట్టుకు వంక పెట్టే మనిషి ఇంకా పుట్టలేదని మహల్లా వీధుల్లో అంటారు. ఆవిడకు వినబడేలాగే అంటారు, ఆవిడా విననట్టే వింటుంది.

ఇంతకీ అక్కాచెల్లెళ్ళ మధ్య చెడింది కిందటేడు ద్రాక్ష కోతలప్పుడు. ఒయ్దిన్ తన కొడుకు సంజర్‌కు మునిస్‌ను అడిగింది. అక్కాచెల్లెళ్ళ పిల్లలకు పెళ్ళి చెయ్యడం ఆ ఊళ్ళో తప్పు కాదు. వాణ్ణి అన్నలాగే చూశాను, ఇప్పుడు మొగుణ్ణి చేసుకోమంటే ఎలా అని పిల్ల ఏడ్చింది. ఆ మాట హొసియత్ తనే వెళ్ళి, అక్క చేతులు పట్టుకుని చెప్పాల్సింది. వెళ్ళలేక ఎదురింటి కరోమత్ చేత కబురంపింది. కరోమత్ సంగతి తెలిసిందేగా, వీధి మలుపు తిరిగేలోపే ఆ కబురుకు కొమ్ములు మొలిచాయి. అంతే, ఒయ్దిన్ ఆ గడప తొక్కడం మానేసింది. నిశ్చితార్థపు రొట్టె విరిచిన రోజు కూడా రాలేదు.

పట్టీ సంగతి ఎవరడిగినా, ఎప్పుడో వచ్చేసింది, పెట్టెలో ఉంది అని హొసియత్ నెలల తరబడి అబద్ధం ఆడుతూ వచ్చింది. ఇప్పుడు తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. పెద్ద బాణలి అడిగే వంకతో కరోమత్ గదిలోకి తొంగి చూసింది. హొసియత్ పక్కనున్న బొంతను గబుక్కున లాగి పట్టీల మీద కప్పేసింది. అంతా అతికేశారా, మధ్యది కూడానా అని కరోమత్ సాగదీసింది. అతికేశాం అని మునిస్ తల ఎత్తకుండా చెప్పింది. కరోమత్ బాణలి తీసుకుంది గానీ గడప దగ్గర ఆగింది. మీ అక్క ఆ పట్టీని రొట్టెల పొయ్యిలో వేసి కాల్చేసిందని ఎవరో అంటుంటే నేనే తిట్టి పంపాను అంటూ వెళ్ళిపోయింది.

హొసియత్ శాలువా తల మీదికి లాక్కుని లేచింది. ఎక్కడికని మునిస్ అడిగేసరికే గడప దాటేసింది.

అక్క ఇల్లు రెండు వీధుల అవతల. తలుపు తీసే ఉంది. ముంగిట మల్బరీ పళ్ళు రాలి నేలంతా మరకలయింది, ఊడ్చినవాళ్ళు లేరు. ఒయ్దిన్ చెట్టు కింద చెక్క అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఎండ మాడుస్తున్నా భుజాల చుట్టూ ఉన్ని శాలువా ఉంది. చెల్లెల్ని చూసి లేవలేదు.

"ఏమే, దారి తప్పి వచ్చావా?"

హొసియత్ సలాం చెప్పి అరుగు అంచున కూర్చుంది. ఇద్దరి మధ్యా టీ కూజా, రెండు గిన్నెలు ఉన్నాయి. శత్రువు గడపలోకొచ్చినా ముందు గిన్నెలో టీ పోసి అందించాకే మాట కలిపే ఊరు అది. ఒయ్దిన్ కదల్లేదు. కావాలంటే పోసుకో అంది. ఆ ఒక్క మాటతో హొసియత్ చెవులు వేడెక్కాయి. పోసుకోలేదు. ఎల్లుండి పెళ్ళని, పిల్ల పెద్దమ్మ కోసం చూస్తోందని, మధ్య పట్టీ కావాలని మూడు ముక్కలూ ఒక్క గుక్కలో చెప్పేసింది. లేదంటుందని, కాల్చేశానంటుందని ఎదురుచూసింది.

"లోపల పెట్టెలో ఉంది. తీసుకుపో" అంది ఒయ్దిన్.

హొసియత్ పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. పట్టీ మడత పెట్టి ఉంది. కొసను విప్పి చూస్తే కుట్టు నిండుగా ఉంది. ఒక్క గడి కూడా వదల్లేదు. ఆవిడకు అమాంతం ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ అక్కను ఎన్నెన్ని అనుకుంది తను. పట్టీని గుండెకు హత్తుకుని ముంగిట్లోకి తెచ్చి, వెలుగులో బారెడు పొడవునా పరిచింది.

పరిచాక చూసింది. వెలుగు తప్పుగా పడుతోంది. ఎర్రపువ్వు మెరవాల్సిన చోట మసకబారి, మసకగా ఉండాల్సిన చోట మెరుస్తోంది. వంగి దగ్గరగా చూసింది. పై కాళ్ళన్నీ ఎడమకు వాలాయి. ఒకటీ అరా కాదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా అన్నీ అంతే. మిగతా పట్టీల మధ్య దీన్ని అతికితే గుమ్మంలో నిలబడిన గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది.

"పై కాలు కుడికి వాలాలని నా వేళ్ళు వాచేలా పొడిచి నేర్పినదానివి నువ్వు" అంది హొసియత్. "నువ్వు పొరపాటున ఎడమకు వాల్చావంటే పసిపిల్ల కూడా నమ్మదు. నా కూతురి గోడ మీద నీ పగ వేలాడదీయమంటావా?"

ఒయ్దిన్ మల్బరీ పళ్ళ మరకల వైపు చూస్తూ ఉంది. "అలాగే అనుకో" అంది.

కాదని ఒక్క మాట అన్నా హొసియత్ ఆగేదేమో. ఆ 'అలాగే అనుకో' వినేసరికి ఒళ్ళు మండిపోయింది. పట్టీని ఉండలా చుట్టి అరుగు మీదికి విసిరింది. అది టీ కూజాకు తగిలింది. కూజా ఒరిగి, టీ గుడ్డ వైపు పారింది. ఒయ్దిన్ ఒక్క ఉదుటున ముందుకు వంగి రెండు చేతులూ చాపింది.

శాలువా జారిపోయింది. ఎడమ చెయ్యి గుడ్డను అందుకుంది. కుడి చెయ్యి అందుకోలేకపోయింది. మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా వణుకుతోంది, వేళ్ళు ముడుచుకోవు, అంచు రెండుసార్లు దొరికి రెండుసార్లూ జారింది. ఒయ్దిన్ ఆ చేతిని మళ్ళీ శాలువా కిందికి లాక్కుంది. హొసియత్ అప్పటికే చూసేసింది. టీ ఎందుకు పోయలేదో కూడా అప్పుడే అర్థమైంది.

మళ్ళీ అరుగు మీద కూర్చుంది. పట్టీని నెమ్మదిగా తీసి వెనక్కి తిప్పింది. ఒక కొసన గుడ్డ జల్లెడలా ఉంది, కుట్టి విప్పి, కుట్టి విప్పి. అక్కడక్కడా ఎండిన నెత్తుటి చుక్కలు. పోనుపోను విప్పిన గుర్తులు తగ్గాయి, పువ్వు దాటాక కుట్లు కుదురుగా పడ్డాయి. ఒక చెయ్యి ఓడిపోవడం, ఇంకో చెయ్యి నేర్చుకోవడం ఆ గుడ్డ వెనక మొత్తం కనిపిస్తోంది. ఎడమ చేత్తో కుట్టినదానికి పై కాలు ఎడమకే వాలుతుంది.

"ఎప్పటినుంచి, అక్కా?"

కోతలకు ముందే మొదలైందట. కార్షీ పట్నంలో డాక్టరుకు చూపిస్తే తగ్గేది కాదన్నాడట. ఇంట్లో సంజర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పనంది ఒయ్దిన్. మొదటి వారం నిన్ను తిట్టని తిట్టు లేదంది.

"ఆ తర్వాత ఆ కోపమే నాకు అక్కరకొచ్చింది" అంది. "అలిగిన మనిషి ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. నలుగురిలోకి వస్తే టీ పోయాలి, అన్నం వడ్డించాలి. సంజర్‌కు కితాబ్ ఊళ్ళో సంబంధం చూస్తున్నాం. తల్లికి ఈ జబ్బుందని తెలిస్తే పిల్లనెవరిస్తారే? నోరు జారకు. పట్టీ కాల్చేశానని చెప్పు, తిడితే నన్నే తిడతారు."

హొసియత్ ఏడ్వలేదు, ఏడిస్తే అక్కకు నచ్చదు. టీ తడి అంటిన చోట తన శాలువా కొంగుతో అద్దింది. పట్టీని మడిచి చంకలో పెట్టుకుని లేచింది. ఇది మధ్యలోనే అతుకుతానని, రేపు నువ్వు వచ్చి నా పక్కన కూర్చోవాలని, రాకపోతే పెళ్ళే ఆపేస్తానని చెప్పింది. వెర్రిమొహమా, నీ పరువు పోతుందే అని ఒయ్దిన్ వెనకనుంచి అంటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సుజని పెద్ద గది గోడకెక్కింది. కిటికీలోంచి వెలుగు సూటిగా దాని మీదే పడుతోంది. హొసియత్ అక్కను గోడవారన కూర్చోబెట్టి, కుడి పక్కన తను ఆనుకుని కూర్చుంది. ఇద్దరి ఒళ్ళోకీ ఒకే శాలువా కప్పి, దాని కింద అక్క చేతిని గట్టిగా పట్టుకుంది. టీ గిన్నె వస్తే తానే అందుకుని కింద పెట్టింది. ఒయ్దిన్ వచ్చిందన్న వింతతో ఎదురింటి కరోమత్ కళ్ళు వాళ్ళిద్దరి మీదే ఉన్నాయి.

జెబినిసో రొట్టె ముక్క నోట్లో వేసుకుని గోడ దగ్గరికి నడిచింది. అతుకులు తడిమింది, అంచు ఎత్తి వెనక వైపు చూసింది. వెనక్కి నాలుగడుగులు వేసి తల ఒక పక్కకు వంచింది. శాలువా కింద చెయ్యి ఇంకా ఎక్కువగా వణుకుతుంటే హొసియత్ రెండో చేతిని కూడా దాని మీద వేసింది.

"ఈ మధ్య పట్టీ ఎవరు కుట్టారు?" అని అడిగింది జెబినిసో.

కరోమత్ నోరు తెరిచింది. "అది వాళ్ళ..." అనబోయింది.

"నేనే, వదినగారూ" అంది హొసియత్. "మొదట అక్కకిచ్చాను. కిందటేడు మాటా మాటా వచ్చి తిరిగి తెచ్చేసుకున్నాను. కోపంలో కుట్టాను, ఎటు వాలుస్తున్నానో చూసుకోలేదు."

ఆ మాటతో తనే జగడాలమారి అయింది, పనీ రానిది అయింది. మీ చెయ్యి గురించి చాలా గొప్పగా విన్నాను అంది జెబినిసో, ఇంకేమీ అనలేదు. అంతకన్నా తిట్టినా బాగుండేది. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కరోమత్ పెదవి కొరుక్కుంది. రేపటికల్లా ఈ మాట ఊరంతా తిరుగుతుంది. హొసియత్‌కు మెడ దాకా వేడెక్కింది, తల దించుకుంటే అనుమానం వస్తుందని ఎత్తే ఉంచింది.

అప్పుడు ఒయ్దిన్ గొంతు సవరించుకుంది.

"చిన్నప్పటినుంచీ ఇంతే, వదినగారూ, మా చెల్లికి నిదానం లేదు. ఎడమకు వాల్చకే అని ఎన్నిసార్లు చేతి మీద పొడిచానో దాన్నే అడగండి. ఈసారి నేను పక్కన లేను, పొడిచేవాళ్ళు లేక ఇలా తగలేసింది."

గదంతా ఘొల్లుమంది. జెబినిసో కూడా నవ్వింది. అక్క పక్కన లేకపోతే ఎవరి కుట్టయినా ఇంతేలే అని వచ్చి కూర్చుంది. హొసియత్ కూడా నవ్వింది, నవ్వులో కళ్ళనిండా నీళ్ళొస్తే ఎవరూ పట్టించుకోలేదు. శాలువా కింద అక్క చెయ్యి వణుకుతూనే ఉంది. ఆ వణికే వేళ్ళు చెల్లెలి వేళ్ళ మీద మెల్లగా ఒక్కటి పొడిచాయి.