వెలిగించని హారతి

నేను ఒక ఓడను. నౌకాదళానికి చెందినదాన్నే గానీ, నా మీద ఒక్క ఫిరంగి కూడా ఉండేది కాదు. యుద్ధనౌకలకు నడిసముద్రంలో ఇంధనపు నూనె, నీళ్ళు, బియ్యం, బంగాళాదుంపలు అందించడం నా ఉద్యోగం. పతకాలు, ఫొటోలు వాటికి; మసి నాకు. వడ్డించేవాళ్ళ ముఖం ఎవరు చూస్తారు లెండి!

విశాఖలో నన్ను నీళ్ళలోకి దింపిన రోజున ఓ పెద్దావిడ నా ముక్కు మీద కొబ్బరికాయ కొట్టింది. రెండుసార్లు కొట్టినా పగల్లేదు. మూడోసారి పగిలితే అందరూ చప్పట్లు కొట్టారు. ముందు రెండుసార్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం మరిచిపోలేదు.

ఆ తర్వాత నా బతుకంతా ఒకటే పని. యుద్ధనౌక నా పక్కకొచ్చి నాతో సమానంగా నడిచేది. ఇద్దరి మధ్య నూనె గొట్టం వేలాడేది. ఎవరు కాస్త పక్కకు జరిగినా గొట్టం తెగిపోతుంది. ఆ గొట్టం దగ్గర నిలబడేవాడు మైలపల్లి కొర్లయ్య. భీమిలి జాలరి ఇంట పుట్టి, నా పంపులు చూసే పనికొచ్చాడు. కెప్టెన్లు మారేవారు, కొర్లయ్య మారలేదు. మనుషుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ అతనంటే ఇష్టం. దాచుకోవడం ఎందుకు?

ఏటా దసరాకు నా డెక్కు మీద ఆయుధపూజ జరిగేది. కొర్లయ్య పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టి, వెలిగించకుండానే హారతి తిప్పేవాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరొకడు అది చూసి నవ్వాడు.

"నవ్వండి బాబూ. నిండు ట్యాంకైతే ఫర్వానేదు. ఖాళీ అయిందాంట్లోనే నూనె ఆవిరుంటాది. నిప్పు సూపిస్తే మనల్నందర్నీ తీసుకుపోద్ది," అన్నాడు కొర్లయ్య.

ఆఫీసరు నవ్వు ఆపేశాడు. నా మీద అది ఆచారమైపోయింది. కొర్లయ్య రిటైరయ్యాక కూడా పళ్ళెం తిప్పేవాళ్ళు మిగిలారు గానీ, కారణం చెప్పేవాళ్ళు మిగల్లేదు.

ముసలిదాన్నయ్యాను. వెనకవైపు ట్యాంకొకటి కారడం మొదలుపెడితే దాన్ని వాడడం మానేశారు. మూత మీద రేకు బిగించి, పైన సామాన్ల గది కట్టారు. అడుగున కాస్త నూనె అలాగే ఉండిపోయింది. కట్టించినవాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారు.

చివరికి నన్ను అమ్మేశారు. పేరు మీద నల్లరంగు పూసి, పడమటి తీరానికి ఈడ్చుకొచ్చి, ఓడలు కోసే చోట బురదలోకి ఎక్కించారు. పక్కనున్న ఓడకు ముందు సగం లేదు. లోపలి మంచాలు బయటికి కనిపిస్తున్నాయి. గాలి వచ్చినప్పుడల్లా దాని తలుపొకటి కొట్టుకుంటుంది. ఆ చప్పుడంటే నాకు భయం.

కాంట్రాక్టరు మనుషులు వచ్చి, కనిపించిన ట్యాంకులన్నీ కడిగి వెళ్ళారు. సామాన్ల గది కిందికి ఎవరూ తొంగిచూడలేదు.

ఈ ఉదయం కోత మొదలుపెట్టడానికి వచ్చినవాళ్ళలో నూకరాజు ఉన్నాడు. కొర్లయ్య కొడుకు. అదే నడక, అదే వంగిన భుజం. డెక్కు ఎక్కగానే చెప్పులు విడిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మేస్త్రీ సన్యాసయ్య, "ఎనక నుంచి మొదలెడదాం," అంటూ సామాన్ల గదిలోకి నడిచాడు. పూజ పళ్ళెం అక్కడే పెట్టి, అగ్గిపెట్టె తీశాడు.

నూకరాజు అతని చేయి పట్టుకున్నాడు. "ముట్టించకు మేస్త్రీ. మా అయ్య ఈ ఓడ మీద ఏనాడూ హారతి ముట్టించనేదు. ఉత్తినే తిప్పీవోడు."

"ఎందుకురా?"

"ఏమో. ఇక్కడ ఆచారమట. పోయినోడి మాట, కాదనకు."

సన్యాసయ్య అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. నూకరాజు కర్పూరాన్ని వెలిగించకుండానే తిప్పి, రెండు చేతులూ నా రేకుకు ఆనించి కళ్ళకద్దుకున్నాడు. వాళ్ళయ్య చేతుల్లాగే వెచ్చగా ఉన్నాయి. ఎందుకని మీ అయ్యను ఒక్కసారైనా అడగలేదేరా నాయనా అని అరవాలనిపించింది. ఇనుముకు గొంతేదీ?

కొబ్బరికాయ ఈసారి ఒక్క దెబ్బకే పగిలింది. శకునం బాగుందని అందరూ సంతోషించారు.

నూకరాజు నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఇనుమును మంటతో కోసే గ్యాస్ కటర్ అందుకుని, సరిగ్గా పళ్ళెం పెట్టిన చోటే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మేస్త్రీ, ఆ అగ్గిపెట్టె ఇలాగియ్యి," అన్నాడు.