మూల ఇల్లు

గడ్డానికి ఒక వైపు సబ్బు నురగ, రెండో వైపు నున్నటి చెంప. మెడ చుట్టూ తువ్వాలుతోనే ఒక మనిషి సెలూన్లోంచి రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చాడు. అతని వెనకాలే చేతిలో కత్తితో సెలూన్ తాత వచ్చాడు. ఇద్దరూ బయటపడీ పడకముందే బుల్డోజరు మూతి గోడకు తగిలింది.

భూకంపం నగరాన్ని కుదిపేసిన రోజు కూడా ఆ గోడ బీట వారలేదు. చుట్టూ మేడలు కూలుతుంటే సగం వీధి ఆ సెలూన్లోనే తల దాచుకుంది. మొన్న ఎవరో వచ్చి అదే గోడ మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు గీసి పోయారు. ప్రమాదకరమైన కట్టడమట.

"భూమి ఊగినా ఊగని గోడయ్యా ఇది! నీకు ప్రమాదం ఎక్కడ కనిపించింది?" అని తాత బుల్డోజరు పక్కనున్న ఆఫీసరు మీదికి వెళ్ళాడు.

"పెద్దాయనా, పక్కకి జరుగు. నీ మంచికే చెప్తున్నా."

వీధంతా నిలబడి చూసింది. ఒక్క నోరు లేవలేదు. పోలీసులకు భయపడి కాదు, ఆ పూట వచ్చింది ఇద్దరే పోలీసులు. జనం గోడను చూడడం మానేసి ఒకరినొకరు ఓరకంట చూసుకుంటున్నారు. ముందు ఎవరు అరుస్తారు, అరిచినవాడికి ఏం పోతుంది, అరవనివాడికి ఏం దక్కుతుంది?

మిషనక్క ఒక అడుగు ముందుకు వేసింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి ఆ అడుగు వెనక్కి తీసుకుంది. ఆమె భర్త ఆ భూకంపంలోనే కూలిన గోదాము కింద పడి పోయాడు. అప్పటినుంచీ కుట్టుమిషనే ఆమెకు మొగుడూ, కొడుకూ. ఆమెకు గుర్తొచ్చింది, ఈ వీధి ఖాళీ చేయించి పక్కన కొత్త మేడలు కడుతున్న కంపెనీ మేనేజరు గొంతు.

నెల కిందట ఆయన ఆమెను ఆఫీసుకు పిలిపించాడు. ఏసీ గది, మెత్తటి కుర్చీ, పింగాణీ కప్పులో టీ.

"అమ్మా, మీరు కష్టజీవి. మీకోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు అనుకున్నాం. మొదటి అంతస్తు, రోడ్డు వైపు, మూల ఇల్లు. రెండు వైపులా గాలి. కిటికీ దగ్గర మిషను వేసుకుంటే పగలు లైటే అక్కర్లేదు. కానీ ఎవరితోనూ అనకండి. మన జనం సంగతి మీకు తెలుసుగా, కళ్ళలో నిప్పులు పోసుకుంటారు."

ఆ మాట ఆమె గుండెలో తేనె పోసినట్టయింది. ఆ తేనెలోనే ముల్లు కూడా దిగిందని అప్పుడు తెలియలేదు. కొత్త మేడలో జనానికి చూపించడానికి ఒక నమూనా ఇల్లు అలంకరిస్తున్నారు, దానికి కర్టెన్లు కూడా ఆమెనే కుట్టమన్నారు. కుట్టింది. కుట్టేటప్పుడు తలుపు వేసుకుని కుట్టింది.

ఆ నెల రోజుల్లోనే వీధి మారిపోయింది. ఆమె కుళాయి దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఎప్పుడూ గడపలో కూచుని అందరినీ పలకరించే పాలపిన్ని తలుపు మూసుకుని ఉంటోంది. బస్తాలు మోసే పెద్దన్న ఎదురుపడితే చెప్పులు చూసుకుంటూ పోతున్నాడు. చివరికి సొంత మరిది మీద కూడా మిషనక్కకు అనుమానమే. అతను తాపీమేస్త్రి, పని చేసేది ఆ కొత్త మేడల్లోనే. పని ఎలా సాగుతోందని అడిగితే "నాకేం తెలుసు వదినా, ఇటుక మీద ఇటుక పెట్టడమే" అని తప్పించుకునేవాడు. వీడు ఏదో దాస్తున్నాడని ఆమె అనుకునేది. తాను దాస్తున్నది మాత్రం దాపరికంలా తోచేది కాదు.

సెలూన్ కూలిన సాయంత్రం ఆ ఇటుకల గుట్ట దగ్గరే అందరూ పోగయ్యారు. కాలేజీలో చదివే తాత మనవరాలు ఒక రాయి ఎక్కి నిలబడింది.

"పొద్దున మా తాత గొంతు చించుకుంటుంటే మీరందరూ ఏం చేస్తున్నారు? బొమ్మల కొలువా?"

"ఏం చెయ్యమంటావు తల్లీ, ప్రభుత్వం వాళ్ళది" అన్నాడు పెద్దన్న.

"ప్రభుత్వం సరే. మనలో వాళ్ళ మనుషులు ఎవరో ముందు తేలాలి. వాళ్ళ నమూనా ఇంటికి కర్టెన్లు కుడుతున్నది ఎవరు? మిషనక్క కాదూ?"

గుంపు ఒక్కసారిగా మిషనక్క వైపు తిరిగింది. "అవునవును", "రోజూ ఆఫీసు మెట్లెక్కడం నేనూ చూశా", "వీధిని అమ్మేసింది" అని నాలుగు వైపులనుంచీ మాటలు పడ్డాయి.

ఆమె ముఖం కందగడ్డయింది. "అమ్మేశానా? నా దగ్గర ఏముందని అమ్మడానికి? ఆ, నాకు ఇల్లు ఇస్తామన్నారు. ఆశపడ్డాను. ఆ మొదటి అంతస్తు మూల ఇల్లు మీ ముఖాన కొడతాను, తీసుకోండి!"

"ఏ ఇల్లు?" అంది పాలపిన్ని.

"మొదటి అంతస్తు, రోడ్డు వైపు మూల ఇల్లు."

"అదెలా? అది నాకిస్తామన్నారుగా!" అని పాలపిన్ని నోరు జారి, చేత్తో మూసుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

పెద్దన్న గొంతు సవరించుకున్నాడు. "రెండు వైపులా గాలి వస్తుంది, అదేనా?"

"అదే."

"కళ్ళలో నిప్పులు పోసుకుంటారు, ఎవరికీ చెప్పొద్దన్నాడా?"

"అన్నాడు."

"మాకూ అన్నాడు" అన్నారు వెనకనుంచి. "మాకూ." "మా అత్తగారికీ." ఒక్క మూల ఇంట్లో వీధి వీధంతా ఇరుక్కుని నిలబడ్డట్టయింది. ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుని కాసేపు అందరూ పొట్టలు పట్టుకున్నారు. సెలూన్ తాత మాత్రం నవ్వలేదు.

"నాకూ చెప్పాడురా. అందుకే గోడ మీద గుర్తు వేసిన రోజు నోరు మూసుకున్నా. నోరు మూసుకున్నవాడి గోడే ముందు పడింది."

నవ్వులు ఆగిపోయాయి. గుంపు చివర నిలబడ్డ తాపీ మరిది తల దించుకునే ముందుకొచ్చాడు.

"వదినా, ఇంకో మాట. ఆ మూల ఇల్లు ఎవరికీ ఇచ్చేది కాదు. అదే నమూనా ఇల్లు. నువ్వు కర్టెన్లు కుట్టింది దానికే. మన వీధి ఉన్నచోట కార్లు నిలుపుతారు. మనకి ఊరవతల చెత్త గుట్టల పక్కన రేకుల గదులు. పునాది గీతలు గీసిన రోజే మేస్త్రీలందరికీ తెలుసు."

"తెలిసీ చెప్పలేదా?"

"పెద్ద మేస్త్రీని చేస్తామన్నారు. నాతో పాటు ఇంకెంతమందికి చెప్పారో ఇప్పుడర్థమవుతోంది."

మనవరాలు రాయి దిగి మిషనక్క దగ్గరికొచ్చింది. "అక్కా, తొందరపడి మాట తూలాను."

"నువ్వు తూలబట్టే నా నోరు తెరుచుకుంది. పోనీలే. వాడు తడిగుడ్డతో గొంతులు కోస్తున్నాడు. ఒక్కొక్క గొంతూ విడిగా దొరికింది కాబట్టి కోశాడు. ఇకమీదట ఆ గదిలోకి ఎవరూ ఒంటరిగా పోవద్దు. ఒకరిని పిలిస్తే అందరం పోవాలి."

"మళ్ళీ ఎవడో ఒకడు దొంగచాటుగా పోతే?" అన్నాడు పెద్దన్న. అనుమానం అంత తేలిగ్గా వదిలే రోగం కాదు.

"పోతే పోనీ. తిరిగొచ్చాక అతనికి ఏం చెప్పారో ఇక్కడే, ఈ ఇటుకల మీదే అడుగుదాం. మనం కొట్టం, వెలివెయ్యం. అడుగుతాం. అంతే" అంది మిషనక్క.

వాదన చాలాసేపు సాగింది. కోర్టుకు పోదామన్నారు కొందరు, దక్కిందేదో తీసుకుని పోదామన్నారు ఇంకొందరు. చివరికి ఎవరూ ఒంటరిగా పోవద్దన్న ఆ ఒక్క మాట మీద నిలబడ్డారు.

నమూనా ఇల్లు తెరిచే రోజు వచ్చింది. కర్టెన్లు సరిచెయ్యాలని మిషనక్కకు కబురొచ్చింది. ఆమె బయల్దేరింది. ఆమె వెనక పాలపిన్ని, పెద్దన్న, తాత, మనవరాలు, వాళ్ళ వెనక వీధి. గేటు దగ్గర కాపలావాడు ఆపబోతే లోపల పని చేస్తున్న మేస్త్రీలే వచ్చి గేటు తీశారు.

రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనుషులు తిరిగి చూసేసరికి సోఫాల నిండా ముసలమ్మలు, వంటింట్లో ఆడవాళ్ళు, బాల్కనీలో హమాలీలు. పాలపిన్ని మంచం మీద కూచుని పరుపు నొక్కి చూస్తోంది.

"ఏంటిది? ఎవరు మీరంతా?" అన్నాడో పెద్దమనిషి.

"ఈ ఇంటివాళ్ళం బాబూ" అంది పాలపిన్ని. "మేనేజరుగారు ఇచ్చారు. అడగండి."

మేనేజరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీరు ఒకసారి పక్కకి రండి, మాట్లాడదాం" అన్నాడు మిషనక్కతో.

"ఇక్కడే మాట్లాడండి. అందరికీ వినపడేలా. మా ఇళ్ళు ఎక్కడ కడతారు?"

"ఎక్కడ?" అంది ఆ ఇల్లంతా. కింద మేస్త్రీలు తాపీలు పడేసి ఆ మాటే అందుకున్నారు. "ఎక్కడ? ఎక్కడ?"

జవాబుకు బదులు లాఠీలు వచ్చాయి. గాజు బల్ల పగిలింది, తాత నుదురు పగిలింది. "మీ నాయకుడెవరు?" అని ఇనస్పెక్టరు అరిచాడు. ఎవరూ పలకలేదు. చేతికి దొరికిన మిషనక్కను, ఆమెకు అడ్డం పడ్డ మరిదిని వ్యాను ఎక్కించారు.

మర్నాడు ఇద్దరినీ కోర్టుకు తీసుకెళ్తున్నారు. వ్యాను వంతెన దాటగానే నెమ్మదించింది. మిషనక్క కమ్మీల్లోంచి చూసింది. కొత్త మేడల మీద క్రేన్లు కదలడం లేదు. రోడ్డుకు రెండు పక్కలా జనం బారులు తీరారు. వాళ్ళలో ఆమె వీధివాళ్ళు కొందరే. మిగతావాళ్ళ తలల మీద సిమెంటు దుమ్ము, చేతుల్లో కంకర తట్టలు. వంతెన అవతలి వాడల్లోంచీ వచ్చారు, అక్కడి గోడల మీద కూడా ఎర్రగుర్తులు పడ్డాయట. ఎక్కువగా ఆమె ఎరుగని ముఖాలే. ఎవరో ఆడమనిషి వ్యాను చూసి పిడికిలెత్తింది. ఆ వెంటనే వరసగా చేతులు లేచాయి.

పక్కన కూచున్న లేడీ కానిస్టేబులు తొంగి చూసి అడిగింది. "ఎవరమ్మా వీళ్ళంతా? మీ చుట్టాలా?"

"నిన్నటిదాకా కాదు" అంది మిషనక్క.

జనం రోడ్డు మీదికి దిగారు. డ్రైవరు హారను కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. తర్వాత ఇంజను ఆపేశాడు.