మొదటి సర్వపిండి

మొదటి సర్వపిండి ఎవరిదన్న విషయంలో తొర్రూరు వెంకట్రాజం ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఎవరికీ అనుమానం లేదు. అత్త బతికున్నన్నాళ్లు అత్తది. ఆమె పోయాక వెంకట్రాజంది. తర్వాతవి పిల్లలవి. గంజు అడుగున మాడి అంటుకున్నది గీక్కుని తినే హక్కు మాత్రం ఆ ఇంటి కోడలు భాగ్యలక్ష్మిదే. దానికి ఎవరూ పోటీ రాలేదు.

అలాంటిది ఆ యేడు వానకాలంలో ఒకరోజు ఆమె బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి, గంజు లోపల ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి కాల్చింది. ఎర్రగా కాలిన ఆ మొదటిదాన్ని తన పళ్లెంలోనే వేసుకుంది. గంజు చల్లారితే గాని రెండోది ఒత్తడానికి రాదు. అంతదాకా దుకాణం నుంచి ఆకలితో వచ్చిన మొగుడు కూర్చుని చూడాల్సిందే.

"నాదేది?" అన్నాడు వెంకట్రాజం.

"ఇది నాది గాదు. లోపటున్నోనిది," అని పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుని కరకరా నమిలింది.

ముప్పై ఎనిమిదేళ్లకు మూడో కడుపు. పెద్దది మనోరమ జనగామలో కాపురం చేసుకుంటోంది. కొడుకు అంజయ్య వరంగల్లులో డిగ్రీ చదువుతున్నాడు. ఈ వయసులో ఈ కడుపేమిటంటే వెంకట్రాజమే జవాబు చెప్పాలి. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జీపు బజార్లోకి వచ్చిన రోజున ఆయన మిరపకాయల బస్తాల వెనక దాక్కుని చీకటి పడేదాకా తుమ్ములు ఆపుకున్నాడు. సర్కారును అలా గెలిచాడు. ఆ గెలుపే ఇప్పుడు పెళ్లాం కడుపులో పెరుగుతోంది.

మొదట భాగ్యలక్ష్మి కూడా సిగ్గుతో చచ్చింది. ఇంట్లోంచి బయటికి వస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. తర్వాత వాంతులు తగ్గి ఆకలి మొదలైంది. ఆకలి ముందు సిగ్గు నిలవలేదు. మనోరమ కడుపులో ఉన్నప్పుడు ఆమెకు పదిహేడేళ్లు, భయం తప్ప ఇంకేమీ గుర్తులేదు. అంజయ్యప్పుడు వాంతులు చేసుకుంటూనే అత్త ముందు కూర్చుని బస్తాలకు బస్తాలు చింతపండు గింజలు తీసింది. కడుపుతో ఉన్న మనిషి సంతోషంగా కూడా ఉండొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పేవాళ్లు లేకపోయినా ఆమెకే తెలిసింది. మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసుకుని హాయిగా పడుకునేది. లోపల బిడ్డ తన్నితే ఒక్కతే నవ్వుకునేది. "జర నిమ్మళం రా, మీ బాపు లేస్తడు," అని దాంతో ముచ్చట్లు పెట్టేది. పుట్టి ఇన్నేళ్లకు తన ఒళ్లు తనకు ముద్దొచ్చింది. ఆ మాత్రం సుఖం ఆడదానికి దక్కితే ఎవరి సొమ్మేం పోతుంది?

పోతుందట. మనోరమకు మూడో నెల అని కబురు రావడం, ఆ వెంటనే వియ్యపురాలు కౌసల్య కోడల్ని వెంటబెట్టుకుని జనగామ బస్సు దిగడం జరిగిపోయాయి. కౌసల్య గొంతు పెంచి మాట్లాడే రకం కాదు. అరటిపళ్లు చేతిలో పెట్టి, నవ్వు మొహంతో కుర్చీలో కూర్చుంది.

"మంచిగ నిగనిగలాడుతున్నవు వదినె," అంది ముందు. ఆ తర్వాత అసలు మాటకు వచ్చింది. "ఒక్క ఇంట్ల ఇద్దరు కడుపుతోని ఉండొద్దు. ఒకరిది నిలువదంటరు. ఏడో నెలకు మీరు పిల్లను తోలుకొస్తరాయె. అప్పటికి నీకు నెలలు నిండుతయి. తొలిచూలు కాన్పు మా ఇంట్ల చేసే రివాజు లేదు. మరి ఎట్ల చేస్తవో ఏమో."

"నేను ఖమ్మం మా అన్న ఇంటికి పోత. నా కాన్పు ఆడనే చేస్కుంట," అంది భాగ్యలక్ష్మి.

"మరి పిల్లకు పురుడెవరు పోస్తరు? అల్లుడొచ్చి మా అత్తేదంటే, కాన్పుకు పోయిందని చెప్పాల్నా?" అని కౌసల్య నవ్వింది. వెంకట్రాజం తల కిందికి వేసుకున్నాడు.

భాగ్యలక్ష్మి మిగిలిన ఆశంతా కూతురు మనోరమ మీద పెట్టుకుంది. వంటింట్లోకి పిలిచింది. ఏమైనా ఆడపిల్ల, అదీ కడుపుతో ఉన్న పిల్ల, తనను అర్థం చేసుకోకపోతుందా అనుకుంది.

"మా ఆడిబిడ్డలు ఎట్ల నవ్వుతున్నరో నీకెరుకేనా?" అంది మనోరమ. "నీకు, మీ అమ్మకు ఒక్కపారే సీమంతం చేద్దమా అంటున్నరు. నా తల తీసేసినట్టయితున్నది. కడుపు తీపిచ్చుకోరాదే అమ్మా."

"కదుల్తున్నడే," అని తల్లి ఆమె చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే లోపల బిడ్డ తన్నాడు.

మనోరమ చెయ్యి లాక్కుంది. "రేపు నాది గూడ కదుల్తది గద. నాది నిలువకపోతే నీకు మంచిదేనా?"

భాగ్యలక్ష్మి కొంగు లాగి పొట్ట మీద కప్పుకుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున బస్సుకు ఆమెను వరంగల్లు తీసుకుపోయాడు వెంకట్రాజం. దవాఖానలో డాక్టరమ్మ అడిగింది: "నీకు ఇష్టమేనా అమ్మా?"

"ఇష్టమే," అన్నాడు వెంకట్రాజం. కత్తికి భయపడి మిరపకాయల్లో దాక్కున్న మగాడు, పెళ్లాం విషయంలో ఎంత ధైర్యంగా చెప్పాడో చూడండి.

ఏమీ తినకుండా రమ్మన్నారు. బల్ల మీదికి ఎక్కేముందు "ఆకలైతున్నది," అంది భాగ్యలక్ష్మి. ఆ రోజంతా ఆమె అన్న మాట అదొక్కటే. అన్నీ అయ్యాక ఆయా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "మొగపిల్లగాడుండె అయ్యా," అని చెప్పి పోయింది. వెంకట్రాజం బెంచీ మీంచి లేచి పోయి ఇడ్లీ కట్టించుకొచ్చాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పొట్లం విప్పలేదు.

ఏడో నెలలో మనోరమ పుట్టింటికి వచ్చింది. అన్నీ సవ్యంగా ఉండి ఉంటే ఈపాటికి తన కాన్పు అయ్యేదని భాగ్యలక్ష్మికి తెలుసు. తెలిసీ ఇల్లంతా అలికింది, పిండి పట్టించింది, పల్లీలు వేయించి పొట్టు తీసింది. పోయినవాడు ఎలాగూ పోయాడు, కూతురి కాన్పయినా తన చేతుల మీద జరుగుతుందని గుండె రాయి చేసుకుంది. ఒడి నింపేరోజు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పళ్లెంలో పెట్టుకుని చుట్టాల మధ్య పీట మీద కూర్చున్న మనోరమ ముందుకు వచ్చింది. మనోరమ కొంగు పరిచి పట్టుకుంది. తల్లి దోసిట్లోకి బియ్యం తీసుకుంది.

"జర ఆగు వదినె," అంది కౌసల్య అదే నవ్వు మొహంతో. "ఏమనుకోకు. కడుపు పోయిన చేతులతోని ఒడి నింపొద్దు. పిల్లకు మంచిది గాదు. ఇంకెవరన్న పోస్తరు."

భాగ్యలక్ష్మికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బిడ్డ మొహంలోకి చూసింది. మా అమ్మ ఎవరి కోసం పోగొట్టుకుంది అని మనోరమ ఒక్క మాట అంటే చాలు. అనకపోయినా ఫర్వాలేదు, పరిచిన కొంగు అలాగే పట్టుకుంటే చాలు.

మనోరమ కళ్లు దించుకుని, కొంగును మెల్లగా ముడిచి ఒళ్లోకి తీసుకుంది.

భాగ్యలక్ష్మి దోసిట్లో బియ్యం మళ్లీ పళ్లెంలో పోసి వంటింట్లోకి నడిచింది.

"వంటకేం దోషం లేదు వదినె," అని వెనక నుంచి కేకేసింది కౌసల్య. "సర్వపిండి కానియ్యి. పొద్దటి నుంచి పిల్ల యావ పడుతున్నది."

ఎవరో పొరుగామె ఒడి నింపింది. పాటలయ్యాయి. నువ్వులు, ఉల్లాకు కాలిన వాసన ఇల్లంతా నిండింది. "అమ్మా, వేడి వేడిది తేవే," అని పిలిచింది మనోరమ.

భాగ్యలక్ష్మి పళ్లెం పట్టుకుని వచ్చింది. ఎర్రగా, అంచులు కరకరలాడేలా కాలిన సర్వపిండి. బిడ్డ చెయ్యి చాచింది. తల్లి ఆమె ఎదురుగానే, చుట్టాలందరి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముక్క విరిచి తన నోట్లో పెట్టుకుంది.

"అమ్మా, నాదేది?"

"ఇది నీ తమ్మునిది బిడ్డా," అంది భాగ్యలక్ష్మి నములుతూ. "నీది గంజు చల్లారినంక."

ఆమె తొందరపడకుండా చివరి ముక్కదాకా తింది.